కోర్టు తెలుగులో మనిషి తూకం

(ఆదోనిలో ఒక దస్తావేజు లేఖరి జ్ఞాపకార్థం చేసిన స్మారకోపన్యాసం, అచ్చు పాఠం)



మనం ఎవరి జ్ఞాపకంగా ఇక్కడ కూడినామో ఆయన పేరు ఈ అచ్చుప్రతిలో ఉండదు. అది ఆయన కోరిక, ఇంటివాళ్లు నిలబెట్టిన మాట. నలభై ఏళ్లకు పైగా రిజిస్ట్రారు ఆఫీసు బయట ఒక చిన్న మేజా, ఒక ట్రంకుపెట్టె పెట్టుకుని కూర్చున్నాడాయన. ఆయన రాసిన ప్రతి కాగితం అడుగున 'లేఖరి' అన్న మాట పక్కన ఒక సంతకం ఉంటుంది. అంతకుమించి తన గురించి ఎక్కడా ఏమీ రాసుకోలేదు. మేమందరం పెద్దాయన అని పిలిచేవాళ్లం. ఈ పూట కూడా అలాగే పిలుస్తాను.

నేను కోటు తొడిగిన కొత్తలో ఒక క్రయ దస్తావేజు చిత్తు రాసి ఆయన దగ్గరికి పట్టుకుపోయాను. పాత నమూనా చూసి రాసిందే. కొనేవారి పేరు ముందు 'వాస్తవ్యులు', పేరు చివర 'గారు'. అమ్మేవారికి 'వాస్తవ్యుడు', 'కుమారుడు', అంతే. పెద్దాయన చదివి కళ్లద్దాలు తీసి అడిగాడు: "అమ్మే ఆయప్పకు గారు యాడబాయ?" నమూనాలో అట్లాగే ఉంది అన్నాను. "భూమి ఎట్లా పోతాంది. దాంతోపాటు గారు గూడ పోవల్నా?" అన్నాడు.

ఈ ఉపన్యాసమంతా ఆ ప్రశ్న నుంచి పుట్టిందే. తెలుగులో మనిషి గురించి ఒక్క వాక్యం రాయాలన్నా ముందు ఆ మనిషిని తూచాలి. చట్టం తెలుగులో మాట్లాడినప్పుడల్లా, తెలిసినా తెలియకపోయినా, ఎవరో ఒకరు తక్కెడ పట్టుకుంటున్నారు. ఆ తక్కెడ ఎవరి చేతిలో ఉందో, ముల్లు ఎటు వంగుతోందో చూడాలన్నదే నా మనవి.

ఆదోని తూకాల ఊరు. పత్తి మార్కెట్ యార్డులో కాటా దగ్గర నిలబడిన రైతు చూపు ముల్లు మీద నుంచి కదలదు. గౌరవం అన్న మాట కూడా తూకం నుంచే పుట్టింది. గురు అంటే బరువైనది, దాని భావమే గౌరవం. మానం అన్నది వేరు దారిన వచ్చింది. తలచడం, ఎంచడం అనే అర్థమున్న ధాతువు దానికి మూలం. నలుగురూ మనల్ని ఎట్లా ఎంచుతారో అదే మానం. సన్మానం, అవమానం, బహుమానం, మాన్యుడు అన్నీ ఆ ఇంటి పిల్లలే. ఒక మాటేమో బరువు మనలోనే ఉందంటుంది, ఇంకొకటి ఎదుటివాళ్ల తలపులో ఉందంటుంది. చట్టం ఈ రెండో దారినే పట్టింది.

1860 నాటి పీనల్ కోడ్ 499వ సెక్షన్ పరువు నష్టాన్ని నిర్వచించింది. 2024 జూలై 1 నుంచి అది భారతీయ న్యాయ సంహితలో 356వ సెక్షన్. అందులో నాలుగో వివరణను లాయర్లు తొందరగా దాటిపోతారు గానీ, నిదానంగా చదవాల్సింది అదే. ఇతరుల దృష్టిలో ఒక మనిషి నడవడినో తెలివినో తగ్గించాలి. లేదా అతని కులాన్ని బట్టో వృత్తిని బట్టో అతన్ని కించపరచాలి. లేదా అతని పరపతిని దించాలి. లేదా ఒంట్లో అసహ్యకరమైన స్థితి ఏదో ఉందని నమ్మించాలి. వీటిలో ఏదో ఒకటి జరిగితేనే పరువుకు దెబ్బ తగిలినట్టు. ఇంగ్లీషు పాఠంలో పరపతి చోట ఉన్న మాటకు అప్పు పుట్టే నమ్మకం అని అర్థం. తెలుగులో పరపతి అంటే అప్పూ అవుతుంది, పలుకుబడీ అవుతుంది. సహకార పరపతి సంఘం అన్న బోర్డు కింద నిలబడి "ఆయనకు ఊర్లో పరపతి ఉంది" అంటే రెండూ ఒకే మాట. పత్తి మండీలో బతికేవాళ్లకు ఈ రెండర్థాలు ఎందుకు కలిసిపోయాయో ఎవరూ విడమరచి చెప్పక్కర్లేదు. మాట మీద సరుకు కదిలే చోట పరువే పెట్టుబడి.

అందుకే మన వీధుల్లో 'ఐపీ' అన్న రెండక్షరాలకు అంత భయం. "ఫలానా ఆయన ఐపీ పెట్టినాడంట" అని మండీలో గుసగుస మొదలైతే పొద్దుగూకే లోపల ఆ ఇంటి ముందు జనం. ఐపీ అంటే ఇన్సాల్వెన్సీ పిటిషన్. 1920 నాటి ప్రొవిన్షియల్ ఇన్సాల్వెన్సీ చట్టం కింద వేసే దరఖాస్తు. ఆ చట్టంలో రెండు అంచెలున్నాయి. దివాలా ప్రకటించడం ఒకటి. నిజాయితీగా ఉన్న మనిషిని ఆ తర్వాత అప్పుల నుంచి విడుదల చేయడం రెండోది. విడుదల కాని దివాలాదారు శాసనసభకు పోటీ చేయడానికి వీల్లేదని రాజ్యాంగం 191వ అధికరణం అంటుంది. విడుదలైతే ఆ అడ్డు ఉండదు. అంటే పోయిన పరువును తిరిగి ఇచ్చే తలుపు కూడా చట్టంలో ఉంది. అయితే మొదటి అంచె వీధిలోకి 'ఐపీ'గా వచ్చి నాటుకుంది. రెండో అంచెకు మన వాడుకలో మాటే పుట్టలేదు. "ఆయనకు విడుదలైంది" అని మండీలో ఎవరూ గుసగుసలాడరు. ఇది నాకు చాలా కాలంగా బాధగా ఉంది. పరువు తీసే మాటను ఊరు తొందరగా నేర్చుకుంటుంది.

ఇక అసలు సంగతి, సర్వనామాలు.

ఇంగ్లీషు చట్టంలో రాజుకూ కూలికీ ఒకటే 'హీ'. తెలుగులో వాడు, అతడు, ఆయన, వారు. ఆడవాళ్లకైతే అది, ఆమె, ఆవిడ, వారు. నాలుగు మెట్లు, ఏదో ఒక మెట్టు మీద నిలబెట్టకుండా వాక్యం పూర్తి కాదు. మన కోర్టుల్లో సాక్షి తెలుగులో చెబుతాడు, జడ్జిగారు ఇంగ్లీషులో చెప్పి టైపు చేయిస్తారు. సాక్షి నోట్లోని మెట్లన్నీ అక్కడ కరిగిపోతాయి. కరగడం మంచిదే కదా అని మీకనిపించవచ్చు. నాకూ అట్లాగే అనిపించేది, ఒక కేసు దాకా.

కోసిగి వైపు పల్లె. గట్టు తగాదా ముదిరి కొట్లాటైంది. నేను ముద్దాయి తరఫు. ప్రధాన సాక్షి ఒక అవ్వ. ముద్దాయి కుటుంబమంటే ఆమెకు పాత కక్ష ఉందనీ, అందుకే అబద్ధం చెబుతోందనీ నేను గట్టిగా వాదించాను. బయటికొచ్చి పెద్దాయన మేజా దగ్గర కూర్చుని కేసు చెప్పాను. "ఆ అవ్వ ముద్దాయిని ఏమని పిలిచె?" అన్నాడు. గుర్తు చేసుకుంటే వాంగ్మూలమంతా ఆమె "ఆయప్ప మా వాకిట్లోకి వచ్చె, ఆయప్ప కట్టె ఎత్తె" అనే చెప్పింది. "కక్ష ఉండే మనిషి ఆయప్ప అంటాదా?" అన్నాడు పెద్దాయన. కాగితం మీద మాత్రం 'హీ' ఉంది. ఆమె మాట నిజమనడానికి ఆమె నోటిలోనే ఉన్న సాక్ష్యం రికార్డుకు ఎక్కలేదు. దాన్ని విన్నవాణ్ణి నేను, వాదనలో వాడుకోనివాణ్ణీ నేనే.

ఆయప్ప అన్న మాట గురించి ఒక్క నిమిషం. కోస్తా నుంచి వచ్చిన అధికారులకు ఇది మోటుగా వినిపిస్తుంది. అది 'ఆయన' అంత ఎత్తుకు పోదు, 'వాడు' అంత కిందికి దిగదు. తెలియని మనిషిని, తెలిసిన మనిషిని, పగవాణ్ణి, పరాయివాణ్ణి, అందరినీ ఒక్క అరుగు మీద కూర్చోబెడుతుంది. ఆడవాళ్లకు ఆయమ్మ. అప్పా, అమ్మా అన్న చుట్టరికం అందులోనే ఉంది. ఇంకా ఏ తీర్పూ రాని మనిషిని పిలవడానికి ఇంతకంటే న్యాయమైన సర్వనామం తెలుగునేలలో ఇంకెక్కడైనా ఉందేమో నాకు తెలియదు. ఆదోనిలో ఉంది, రోజూ వినిపిస్తుంది, కోర్టు గుమ్మం దగ్గర ఆగిపోతుంది.

గుమ్మం లోపల ఏముంటుందో చూడండి. తెలుగులో రాసిన ఫిర్యాదులు, పంచనామాలు, వాంగ్మూలాలు నేను ముప్పై ఏళ్లకు పైగా చదివాను. ఫిర్యాది 'గారు'. పంచాయతీదారులు 'పెద్దమనుషులు'. ముద్దాయి మాత్రం మొదటి వరుస నుంచే 'వాడు'. 'ముద్దాయి వాడు నేరం ఒప్పుకొన్నాడు.' నేరం రుజువయ్యేదాకా ప్రతి మనిషినీ నిర్దోషిగానే చూడాలని చట్టం అంటుంది. వ్యాకరణం మాత్రం శిక్ష ముందే వేసేస్తుంది. పై కోర్టు తర్వాత ఎప్పుడో నిర్దోషి అని తేల్చినా, ఆ 'వాడు' అన్న మాటను ఏ అప్పీలూ కొట్టేయదు.

జపాన్‌లో ఇదే చిక్కు వచ్చింది. వాళ్ల భాషలోనూ పేరు చివర మర్యాద తోక లేకపోతే మనిషిని తూలనాడినట్టే. అరెస్టయిన మనిషి పేరును పత్రికలు చాలాకాలం ఒట్టిగా, తోక లేకుండా రాసేవి. తప్పుగా శిక్షపడి బయటికొచ్చిన వాళ్ల కథలు విన్నాక జనం అడిగారు, ఆలోచన మొదలైంది. 1989 చివరలో ప్రధాన దినపత్రికలు పేరు పక్కన 'అనుమానితుడు' అనే అర్థమిచ్చే మాట చేర్చడం మొదలుపెట్టాయి. అది గొప్ప మర్యాదేమీ కాదు. తీర్పు ఇంకా రాలేదని గుర్తుచేసే ఒక మాట, అంతే. మనకు అంత కష్టం కూడా అక్కర్లేదు. 'వాడు' కొట్టేసి 'అతడు' అని రాస్తే చాలు.

ముద్దాయి అన్న మాటకే పెద్ద చరిత్ర ఉంది. అరబ్బీలో ముద్దయీ అంటే దావా వేసినవాడు, న్యాయం కోరేవాడు. ఆదోని కోట కింది వీధుల్లో ఉర్దూ మాట్లాడే ఇళ్లలో ఈ రోజుకీ అదే అర్థం. తెలుగులోకి వచ్చేసరికి అది తలకిందులై నేరం మోపబడినవాడైంది. ఒకే ఊరు, ఒకే కోర్టు. ఒక ఇంట్లో ఫిర్యాది, పక్కింట్లో నిందితుడు. ఇట్లా ఎందుకు తిరగబడిందో నేను తేల్చలేను. న్యాయం అడగడానికి కోర్టుకు వచ్చినవాణ్ణి కూడా అనుమానంగా చూసే అలవాటు మనలో ఏదో ఉందేమోనని మాత్రం అప్పుడప్పుడు తోస్తుంది. మోతుబరి అన్న మాట దీనికి ఎదురు దారిలో నడిచింది. దాని మూలంలో నమ్మదగినవాడు అని అర్థం. మన దగ్గర అది భూములున్నవాడైపోయింది. నమ్మకం ఎకరాలుగా మారింది.

ఈ మాటలన్నీ ఇక్కడికి ఎట్లా వచ్చాయో తెలియాలంటే, ఆదోని ఎన్ని చేతులు మారిందో చూడాలి. విజయనగరం, బీజాపూరు ఆదిల్‌షాహీలు, మొగలులు, నిజాం సోదరుడు బసాలత్ జంగ్ జాగీరు, 1786లో టిప్పు ముట్టడి. చివరికి 1800లో నిజాం ఈ సీమనంతా కంపెనీకి రాసిచ్చాడు. థామస్ మన్రో కలెక్టరుగా వచ్చాడు. 1816 రెగ్యులేషన్లు గ్రామ మునసబులను, జిల్లా మునసబులను నిలబెట్టాయి. మునసబు అంటే ఇన్సాఫ్ చేసేవాడు, న్యాయం పంచేవాడు. 1953 అక్టోబరు 1 దాకా ఆదోని, ఆలూరు బళ్లారి జిల్లాలో ఉన్నాయి. కాబట్టి మన పాత దస్తావేజుల్లో కన్నడం, ఉర్దూ, తెలుగు, మరాఠీ కలగలిసి ఉంటాయి. దావా, వకాల్తా, జప్తు, జామీను, రాజీనామా పక్కన పుత్రపౌత్ర పారంపర్యం. బ్రౌన్ 1852లో జిల్లా డిక్షనరీ వేసిందీ, విల్సన్ 1855లో న్యాయ, రెవెన్యూ పదాల కోశం తెచ్చిందీ ఇట్లాంటి కాగితాల అడవిలో దారి కనిపించకనే.

రాసిచ్చిన సీమ కాబట్టి దత్త మండలాలు అన్నారు. సీడెడ్ అన్నారు. ఒకరి చేతిలో నుంచి ఇంకొకరి చేతికి పోయిన సొత్తు అనే అర్థం ఆ పేరులోనే ఉంది. 1928లో నంద్యాలలో జరిగిన సభల్లో చిలుకూరి నారాయణరావు గారు ఆ పేరు వద్దని, రాయలసీమ అనాలని ప్రతిపాదించారు. పేరు మారితే వానలు పడవు, నిజమే. కానీ ఒప్పందంలో సరుకుగా కనిపించిన నేలకు ఒక చరిత్ర గల పేరు పెట్టుకోవడం కూడా పరువు నష్టం దావా లాంటిదే. దాన్ని ఈ సీమ ప్రజలు కోర్టు బయట గెలిచారు. సినిమా వ్యాపారంలో ఇంకా సీడెడ్ అంటూనే ఉన్నారు. ఆ మాట విన్నప్పుడల్లా నాకు చివుక్కుమంటుంది.

మాన్యం సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. మన్ననకు గుర్తుగా పన్ను లేకుండానో తక్కువ పన్నుకో ఇచ్చిన భూమి మాన్యం. మంచాల గ్రామాన్ని ఆదోని నవాబు సిద్ది మసూద్ ఖాన్ రాఘవేంద్రస్వామికి ఇచ్చాడని మంత్రాలయం సంప్రదాయం చెబుతుంది. అది పెద్దవాళ్ల మాన్యం. ఊరి రికార్డుల్లో మంగలి మాన్యం, కుమ్మరి మాన్యం, చాకలి మాన్యం, తలారి మాన్యం కూడా ఉండేవి. పెద్దాయన ఒకసారి పాత అడంగలు తిరగేస్తూ అన్నాడు: "భూమికేమో మాన్యమని పేరు పెట్టినారు. దాని మీద బతికే మనిషిని మాత్రం వాడనిరి." 1956 చట్టం ఇనాములను రద్దు చేసి రైత్వారీ పట్టాలుగా మార్చింది. మాన్యం పోయింది. 'వాడు' అంత సులభంగా రద్దు కాలేదు.

ఇప్పుడు మీలో చాలామందికి ఎరుకైన ఒక మాట దగ్గరికి వస్తాను. పరారీ.

మన పడమటి మండలాల్లో, కోసిగి, కౌతాళం, పెద్దకడబూరు, మంత్రాలయం వైపు, వానలు ముఖం చాటేసిన ఏడు ఊళ్లకు ఊళ్లు సుగ్గికి పోతాయి. గుంటూరు మిరప తోటలకు, బెంగళూరు కట్టడాలకు. ఇంటికి తాళం, అరుగు మీద ముసలివాళ్లు. ఆ నెలల్లో కోర్టు నుంచి సమన్లు వస్తాయి. ప్రాసెస్ సర్వర్ వస్తాడు, తాళం చూస్తాడు, రాసుకుపోతాడు. తర్వాత వారంటు. ఆ తర్వాత 'పరారీలో ఉన్నాడు.' పాత క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ 82వ సెక్షన్, ఇప్పటి నాగరిక్ సురక్షా సంహిత 84వ సెక్షన్ ప్రకారం, వారంటు తప్పించుకోవడానికి పారిపోయాడనో దాక్కున్నాడనో కోర్టు నమ్మితేనే ఆ ప్రకటన ఇవ్వాలి. ముప్పై రోజులకు తక్కువ కాకుండా గడువు ఇవ్వాలి. ఊర్లో నలుగురూ మెసిలే చోట బయటికి చదవాలి. చట్టం ఎంత జాగ్రత్తగా రాసిందో చూడండి. దాక్కోవడం అన్నది మనసులోని ఉద్దేశం. తాళానికి ఉద్దేశం ఉండదు.

ఒక చిన్న కొట్లాట కేసులో నా కక్షిదారు దంపతులు ఉగాదికి సుగ్గి నుంచి తిరిగొచ్చి ఆదోని బస్టాండులో దిగారు. మూటలు నెత్తిన ఉండగానే మొగుణ్ణి పట్టుకున్నారు. మూణ్ణెల్లుగా అతడు పరారీ అట. ఆ సంగతి అతనికే తెలియదు. బెయిలు దొరికిన రోజు అతని భార్య నన్ను అడిగింది: "పరారీ అంటే దొంగలకు చెప్పే మాట గదా సామీ? మేము కూలికి పోయింటిమి." ఆ మాటకు నా దగ్గర జవాబు లేదు. ఆ తర్వాత నుంచి ఇట్లాంటి ప్రతి కేసులోనూ 'సుగ్గికి వెళ్లినారు' అని తెలుగులోనే మెమో వేస్తున్నాను. సుగ్గి అంటే ఏమిటని కొత్తగా వచ్చిన జడ్జిగార్లు అడుగుతారు. చెబుతాను. అది నిఘంటువులో వెతికితే కోతలకాలం అని దొరుకుతుంది. మన దగ్గర దాని అర్థం అన్నం వెతుక్కుంటూ పోవడం.

ఎమ్మిగనూరు నుంచి పొద్దున్నే బస్సెక్కి వచ్చిన నేతపని మిత్రులు చాలా ఓపికగా విన్నారు. మీ ఊరికి వస్తున్నాను.

అప్పు తీర్చలేకపోతే కోర్టు అమీను జప్తుకు వస్తాడు. స్థిరాస్తి జప్తు చేసేటప్పుడు ఆ ఆస్తి దగ్గర డప్పు కొట్టించి గానీ, అక్కడి ఆచారం ప్రకారం గానీ చాటాలని సివిల్ ప్రొసీజర్ కోడ్ 21వ ఆర్డరు 54వ రూలు చెబుతుంది. అప్పు ఎంతో రశీదులో ఉంటుంది. డప్పు చప్పుడుతో పోయే పరువు ఏ లెక్కలోనూ ఉండదు. కానీ అదే కోడ్ 60వ సెక్షన్ చూడండి. ఒంటిమీది బట్టలు, వంటపాత్రలు, పడక, మతాచారం ప్రకారం స్త్రీ ఒంటి నుంచి తీయకూడని నగలు జప్తు చేయకూడదు. రైతు సేద్యపు పనిముట్లు, జీవనానికి అవసరమైన ఎద్దులు, విత్తనపు గింజలు ముట్టకూడదు. చేతివృత్తివాళ్ల పనిముట్లు ముట్టకూడదు. అంటే మగ్గాన్ని అమీను ముట్టుకోకూడదు. మనిషికి అప్పున్నా, మనిషిగా నిలబడటానికి కావలసింది అతని దగ్గరే ఉండాలని 1908లోనే రాసిపెట్టారు. అప్పు తీర్చే శక్తి లేనంత మాత్రాన జైల్లో పెట్టకూడదని 1980లో జాలీ జార్జ్ వర్గీస్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. జస్టిస్ కృష్ణయ్యర్ రాసిన తీర్పది. ఇంత మర్యాద తెలిసిన చట్టాన్ని మనం తెలుగులోకి దించేటప్పుడు 'బాకీదారు వాడు' అంటున్నాం. తప్పు చట్టంలో లేదు, మన కలంలో ఉంది.

1938లో మాచాని సోమప్ప గారు ఎమ్మిగనూరు చేనేత సహకార సంఘం పెట్టారు. అప్పట్లో అమల్లో ఉన్నది 1932 నాటి మద్రాసు సహకార చట్టం. ఆ సంఘం నూలు ఇచ్చింది, బట్ట కొన్నది, అవన్నీ మీకు నాకంటే బాగా తెలుసు. నా చూపు ఒక మాట మీద ఉంది. షావుకారు ఖాతాలో కూలివాడుగా ఉన్న నేతగాడు సంఘం రిజిస్టరులో సభ్యుడయ్యాడు. సభ్యుడు అంటే సభలో కూర్చోదగినవాడు. సభ్యత అన్న మాటా అక్కడి నుంచే వచ్చింది. వాటా ఎంత ఉన్నా ఓటు ఒక్కటే. ఒక చట్టం ఒక మనిషిని పిలిచే పేరు మార్చి, అతన్ని నిజంగానే పైమెట్టుకు ఎక్కించిన సందర్భం మన జిల్లాలో నాకు తెలిసినంతలో ఇంతకు మించింది లేదు.

పద్మ పురస్కారాలు మొదలైన 1954లోనే సోమప్ప గారికి పద్మశ్రీ వచ్చింది. సైనిక, విద్యా బిరుదులు తప్ప రాజ్యం ఏ బిరుదూ ఇవ్వకూడదని రాజ్యాంగం 18వ అధికరణం అంటుంది. పద్మ పురస్కారాలు బిరుదులు కావని, కాబట్టి చెల్లుతాయని, అయితే పేరుకు ముందూ వెనకా తగిలించుకోకూడదని 1995లో బాలాజీ రాఘవన్ కేసులో సుప్రీంకోర్టు తేల్చింది. సినిమా పేర్ల పట్టీలో పద్మశ్రీ వేసుకున్నందుకు మన హైకోర్టులోనే ఒక వివాదం నడిచింది. ఎమ్మిగనూరులో మాత్రం చాలామంది ఇప్పటికీ సోమప్ప గారి పేరును ముందు పద్మశ్రీ లేకుండా పలకరు. కోర్టు మాట సబబే, నేను దాన్ని గౌరవిస్తాను. ఆ పలికేవాళ్లు బిరుదును పలకడం లేదు, కృతజ్ఞతను పలుకుతున్నారు.

మానభంగం గురించి మాట్లాడకుండా ఈ విషయం ముగించడం నాకు చేతకాదు. పీనల్ కోడ్ 354వ సెక్షన్‌ను, ఇప్పటి న్యాయ సంహిత 74వ సెక్షన్‌ను తెలుగులో చెప్పడానికి ఈ మాట వాడుతూ వచ్చాం. అంతకంటే ఘోరమైన నేరానికీ ఇదే వాడాం. మానం అంటే నలుగురి మన్నన అని ఇందాక చెప్పుకున్నాం. దౌర్జన్యం చేసింది ఒకడు. మానం భంగమైందని రాస్తున్నది ఆమెకు. నేరం పేరులోనే శిక్ష బాధితురాలికి పడింది. ఒకసారి ఒక అమ్మాయి తన వాంగ్మూలం తెలుగు ప్రతి చదువుకుని ఆ మాట దగ్గర ఆగి, "నాది ఏమీ భంగం కాలేదు సార్, వాడు నన్ను కొట్టినాడు" అంది. ఆ 'వాడు' ఆమె నోట్లో పూర్తిగా న్యాయం. బాధపడిన మనిషికి ఆ మాట వాడే హక్కుంది. రాజ్యం కలానికి లేదు. 2023 ఆగస్టులో సుప్రీంకోర్టు స్త్రీల గురించిన మూసమాటలు తీర్పుల్లో వాడకూడదని ఒక చేతిపుస్తకం వెలువరించింది. అది ఇంగ్లీషు మాటల పట్టిక. తెలుగు పట్టిక మనమే రాసుకోవాలి. అందులో మొదటి వరుసలో కొట్టేయవలసింది మానభంగం. లైంగిక దాడి అని రాస్తే చాలు. చేసినవాడి పనికి అది పేరు, పడినామె స్థితికి కాదు.

కులం సంగతి త్వరగా చెబుతాను. కక్షిదారుల పేర్ల పక్కన కులం, మతం రాయడం మానాలని 2024 జనవరిలో సుప్రీంకోర్టు అన్ని కోర్టులకూ చెప్పింది. అదే ఏడాది అక్టోబరులో జైలు రిజిస్టర్లలోని కులం గడి తీసేయమంది. పెద్దాయన దస్తావేజుల్లో తండ్రి పేరు, వృత్తి, ఊరు రాసి కులం దగ్గర ఆపడం అంతకు చాలా ఏళ్ల ముందే మొదలుపెట్టాడు. ఎవరైనా అడిగితే "సర్వే నంబరుకు కులం లేదు గదప్పా" అనేవాడు.

జడ్జిగార్లను ఎట్లా పిలవాలన్న దాని మీద చాలా సిరా ఖర్చయింది. మై లార్డ్ వలస కాలపు మాట అని, కింది కోర్టుల్లో సార్ అనో ప్రాంతీయ భాషలో దానికి సమానమైన మాటతోనో పిలవవచ్చని 2006లో బార్ కౌన్సిల్ చెప్పింది. నాకు దాని మీద పెద్ద పట్టింపు లేదు. బెంచీ పైన కూర్చున్నవారికి మర్యాద ఎప్పుడూ తక్కువ కాలేదు. ఒక రైతు బోనెక్కి జడ్జిగారితో "నువ్వే చెప్పు సామీ, పత్తి తడిస్తే తూకం పెరుగుతాదా తగ్గుతాదా?" అన్నాడు. బంట్రోతు కసిరాడు, మీరు అనాలని. ఆ జడ్జిగారు చేత్తో వారించి, "నువ్వు అననీయండి. ఆయన దేవుణ్ణి కూడా అట్లాగే అడుగుతాడు" అన్నారు. రైతును ఆయన అన్న ఆ జడ్జిగారి మాట రికార్డులోకి ఎక్కలేదు. నా గుర్తులో ఉంది.

ఇప్పుడు మనిషిని మాటతో తూచే ఈ పని యంత్రాల చేతికీ పోతోంది. 2019 నుంచి సుప్రీంకోర్టు తన తీర్పులను ప్రాంతీయ భాషల్లోకి సువాస్ అనే సాఫ్ట్‌వేర్‌తో అనువదిస్తోంది, అందులో తెలుగూ ఉంది. 2023లో తెలంగాణ హైకోర్టు ఒక ఆస్తి తగాదాలో తెలుగులోనే తీర్పు ఇచ్చింది. ఇట్లాంటివి ఇంకా రావాలని నేను కోరుకుంటాను. అయితే 'హీ' అన్న ప్రతి చోటా యంత్రం ఒక మెట్టు ఎంచుకోక తప్పదు. అది మన పాత చార్జిషీట్లు చూసి నేర్చుకుంటే 'వాడు' అని నేర్చుకుంటుంది. పెద్దాయన దస్తావేజులు చూసి నేర్చుకుంటే వేరుగా నేర్చుకుంటుంది.

ఆ దస్తావేజుల్లో చివరిది ఆయన సొంత వీలునామా. రాసింది ఆయనే, చిత్తు చూసింది నేను. ఇల్లు పిల్లలకు. ట్రంకుపెట్టె నాకు. భార్య పోయాక పదకొండేళ్లు వంట చేసి పెట్టిన ఒక మనిషికి వెనక వైపు రెండు అంకణాల గది. ఆ ఖండికలో ఆమె పేరు పక్కన 'గారు' ఉంది, 'వాస్తవ్యులు' ఉంది. రిజిస్ట్రేషను రోజు పక్క మేజా కుర్ర లేఖరి తొంగి చూసి, వంటామెకు గారు ఎందుకు పెద్దాయనా అన్నాడు. ఆయన తలెత్తలేదు. "ఉండనీప్పా" అని సంతకం పెట్టాడు.

ఆయన పోయిన పదహారో రోజు ఇంటి నడవలో నేను ఆ కాగితం చదివాను. ఆమె వంటింటి గుమ్మం దగ్గర నిలబడి ఉంది. తన ఖండిక అయిపోయాక అందరూ లేస్తుంటే, "ఇంగొకసారి సదువు నాయనా" అంది. గది గురించేమో అనుకుని హద్దుల నుంచి మొదలుపెట్టాను. "అది గాదు. నా పేరుండే చోటు" అంది.